కాళియా ఫోటో ఎందుకు అలికినట్టు వస్తోంది?

ప్రశ్న: అన్నయ్యా, మాది పర్లాకిమిడి. బడిలో టీచర్ని. ఇంట్లో ఏడేళ్ల పాప, మూడేళ్ల బాబు, మా అత్తగారు, వీళ్లందరికన్నా ఎక్కువ హడావిడి చేసే నల్ల కుక్క కాళియా, ఎవరినీ లెక్కచేయని ఒక తెల్ల పిల్లి. ఫోన్‌లో వేల ఫోటోలున్నాయి గానీ కాళియా ప్రతి ఫోటోలోనూ మసిగుడ్డ విసిరినట్టే ఉంటాడు, బాబు ముఖమేమో అలికేసినట్టు వస్తుంది. 40 వేలలోపు ఒక మామూలు డిజిటల్ కెమెరా కొందామని ఉంది. మా వారు డీఎస్ఎల్ఆర్ అంటున్నారు, వైజాగ్‌లో ఉన్న మా తమ్ముడు 40 రెట్లు జూమ్ ఉన్నది కొనమంటున్నాడు, అత్తగారు ఫోన్ ఉండగా ఇంకోటెందుకే అంటున్నారు. ఎవరి మాట వినాలి? ఇంకో సంగతి, మా పెళ్లప్పటి, 2008 నాటి చిన్న కెమెరా ఒకటి బీరువాలో పడి ఉంది. అదేమైనా పనికొస్తుందా?

జవాబు: చెల్లెమ్మా, గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరి నుంచి, అదీ ఒక టీచరమ్మ దగ్గర నుంచి వచ్చిన ఉత్తరం కాబట్టి గ్రాంథికం జోలికి పోకుండా ఇంట్లో మాట్లాడుకున్నట్టే రాస్తాను. మీ ఇంట్లో వినిపిస్తున్న మూడు మాటల్లో నిజానికి దగ్గరగా ఉన్నది మీ అత్తగారిదే. పూర్తిగా కాదు, సగం. ఆ సగం ఏమిటో ముందు తేల్చుకుంటే డబ్బు విషయంలో తొందరపడరు.

ఫోటో ఎందుకు అలుకుతుందో చూద్దాం. కెమెరా ఏదైనా, ఫోన్ అయినా, ఒక రెప్ప తెరిచి మూసినట్టు కాసేపు వెలుతురు తీసుకుని ఆపేస్తుంది (ఫోన్‌లో నిజం రెప్ప ఉండదు, పని మాత్రం అదే). ఎండలో ఆ కాసేపు సెకనులో వెయ్యో వంతు ఉండొచ్చు. రాత్రి ఒక్క ట్యూబ్‌లైట్ కింద అదే ఫోన్ సెకనులో ముప్పయ్యో వంతు దాకా తెరిచి ఉంచుతుంది, ఎందుకంటే వెలుతురు చాలదు. ఆ ముప్పయ్యో వంతులో కాళియా తల తిప్పాడనుకోండి, సెకనుకి ఒక మీటరు వేగమంటే కుక్కకి అదేం పెద్ద వేగం కాదు, అయినా తల మూడు సెంటీమీటర్లు జరిగిపోతుంది. మూడు సెంటీమీటర్లంటే కన్ను ఉండాల్సిన చోట చెవి వచ్చేసినట్టే. అదే రెప్ప ఐదొందలో వంతు మాత్రమే తెరుచుకుంటే జరిగేది రెండు మిల్లీమీటర్లు, అది ఎవరికీ కనబడదు. మీ కష్టమంతా ఈ లెక్కలోనే ఉంది. మెగాపిక్సెల్స్‌లో లేదు, జూమ్‌లో లేదు. వెలుతురు ఎక్కువ లాగి రెప్ప త్వరగా మూయగలిగిన కెమెరా మీకు కావాలి.

ఇప్పటి ఫోన్లు తెలివైనవే. వెలుతురు తక్కువైతే వరసగా నాలుగైదు ఫోటోలు తీసి వాటిని ఒకదాని మీద ఒకటి అతికిస్తాయి, కూర్చుని ఉన్న మీ అత్తగారిని తీస్తే కెమెరావాళ్లు కూడా సిగ్గుపడేంత బాగా వస్తుంది. కదిలేవాళ్ల దగ్గరే ఆ అతుకులు బయటపడతాయి. దానికితోడు చాలా ఫోన్లు ముఖాల మీద నునుపు కూడా పూస్తాయి, బాబు బుగ్గలు మైనం బొమ్మలా కనిపించడానికి అది కూడా కారణం కావచ్చు. కెమెరా సెట్టింగ్స్‌లో బ్యూటీ అనే పేరుతో ఏదైనా ఆన్‌లో ఉంటే ఇవాళే ఆపేయండి.

అందుకని పైసా ఖర్చు లేకుండా రెండు వారాలు ఒక పరీక్ష పెట్టుకోండి. మీ ఫోన్ కెమెరాలో ప్రో అనే మోడ్ ఉంటే అందులో షట్టర్ స్పీడ్ (ఇందాకటి రెప్ప తెరిచి ఉండే సమయం) 1/250 పెట్టి, అంటే సెకనులో రెండొందల యాభయ్యో వంతు, ఐఎస్ఓ (అందిన వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) ఆటోలో వదిలేసి, పగలు వీధి అరుగు మీద పిల్లల్ని తీయండి. అరుగు ఎందుకంటే అక్కడ ఎండ నేరుగా పడదు కానీ ఆకాశం వెలుతురంతా ఉంటుంది, ముఖాల మీద నల్లటి నీడలు పడవు. లెన్స్‌ని చీర కొంగుతో కాకుండా మెత్తటి పొడి గుడ్డతో ఒకసారి తుడవండి (నవ్వకండి, నాకు వచ్చే ఫిర్యాదుల్లో చాలా వాటికి వేలిముద్రల జిడ్డే కారణం). ఇలా తీసినవి మీకు నచ్చితే, రాత్రి పూట ఫోటోలు పెద్దగా అవసరం లేదనుకుంటే, అత్తగారే గెలిచారు, ఆ 40 వేలూ బ్యాంకులో వేసుకోండి.

నచ్చకపోతేనే ఇక్కడి నుంచి చదవండి.

షాపుకి వెళ్తే ఒకటి గమనిస్తారు, చిన్న కెమెరాలు పెట్టే అద్దాల అర సగం ఖాళీగా ఉంటుంది. జపాన్ కెమెరా కంపెనీల సంఘం లెక్క ప్రకారం 2010లో ప్రపంచమంతా కలిపి 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు ఫ్యాక్టరీల నుంచి బయటికొచ్చాయి. 2023లో అది 80 లక్షల లోపే. ఫోన్ దెబ్బకి పోయినవన్నీ ఎక్కువగా పది, పదిహేను వేల రూపాయల చిన్న కెమెరాలే. అంటే మీ పెళ్లినాటి రోజుల్లో 'మామూలు డిజిటల్ కెమెరా' అనుకున్న వస్తువు ఇప్పుడు దాదాపు లేదు. మిగిలినవి రెండు రకాలు, ఫోన్ కంటే గట్టిగా మెరుగైన ఖరీదైనవి, ఫోన్ కంటే అధ్వానమైన చవకవి. రెండో రకంలో పడకుండా చూసుకోవడమే సగం పని.

ఆ రెండో రకంలో మొట్టమొదటివి ఆన్‌లైన్‌లో ఐదారు వేలకి కనిపించే పేరూ ఊరూ లేని కెమెరాలు. 48 మెగాపిక్సెల్, 4కే, 16 రెట్ల డిజిటల్ జూమ్ అని పెద్దక్షరాలతో ఉంటాయి. డిజిటల్ జూమ్ అంటే ఫోటోని కత్తిరించి సాగదీయడమే, ఆ పని ఫోన్‌లో వేళ్లతో మీరూ చేయగలరు. ఆ మెగాపిక్సెల్స్ కూడా చాలా వాటిలో సాగదీసినవే. పిల్లాడికి ఆడుకోవడానికి కొనిపెడితే సరే, కుటుంబం జ్ఞాపకాలకి వద్దు. కొడాక్ పేరుతో వచ్చే చిన్న కెమెరాలు వీటికంటే నయం, అయితే ఆ పేరుని లైసెన్స్ మీద తీసుకుని అమ్మేది వేరే కంపెనీ, లోపల వెలుతురు పట్టే సెన్సార్ మాత్రం చిన్నదే. ట్యూబ్‌లైట్ కింద కాళియా వాటిలో కూడా మసిగుడ్డే.

మెగాపిక్సెల్స్ సంగతి ఒక్క లెక్కతో ముగిస్తాను. ఆల్బమ్‌లో పెట్టే 4 × 6 అంగుళాల ప్రింట్‌కి కావలసింది రెండు మెగాపిక్సెల్స్ కంటే కాస్త ఎక్కువ, అంతే. గోడకి తగిలించే 8 × 12 ప్రింట్‌కి తొమ్మిది లోపు చాలు. ఈ రోజు పేరున్న కంపెనీ కెమెరా దాదాపు ఏది కొన్నా దీనికి రెట్టింపు ఉంటుంది. షాపులో అబ్బాయి మెగాపిక్సెల్స్ గురించి మొదలెడితే వింటున్నట్టు ముఖం పెట్టండి.

ఇప్పుడు మీ తమ్ముడి 40 రెట్ల జూమ్. ఆ రకంలో బాగా తెలిసినది కెనాన్ పవర్‌షాట్ ఎస్ఎక్స్740, 2018లో వచ్చింది, జేబులో పడుతుంది, మహేంద్రగిరి మీద చెట్టుని మీ డాబా మీద నుంచి లెక్కపెట్టొచ్చు అని ఆశ పెడుతుంది. ఎండలో బాగుంటుంది, పక్షులకి బాగుంటుంది, బడి వార్షికోత్సవంలో వెనక వరసలో కూర్చున్నప్పుడు మాత్రం సగం నమ్మొచ్చు, ఎందుకంటే స్టేజీ దీపాలు దానికి చాలవు. దాని సెన్సార్ చిటికెన వేలి గోరంత ఉంటుంది, ఆరు మిల్లీమీటర్లకి నాలుగున్నర. లెన్స్ నోరు ఎఫ్ 3.3 దగ్గర మొదలై పూర్తి జూమ్‌లో ఎఫ్ 6.9కి కుంచించుకుపోతుంది. ఈ ఎఫ్ నంబర్ ఎంత తక్కువైతే నోరు అంత పెద్దదని గుర్తుపెట్టుకోండి, బావిలో బొక్కెన ఎంత పెద్దదైతే నీళ్లు అంత త్వరగా వస్తాయి.

దీని పక్కన 'ఒక అంగుళం సెన్సార్' అని పిలిచే రకం పెట్టండి. పేరుకి అంగుళమే గానీ కొలత 13.2 × 8.8 మిల్లీమీటర్లు, అయినా ఆ చిన్నదానికి నాలుగు రెట్ల వైశాల్యం. వీటిలో మంచి వాటికి ఎఫ్ 1.8 లెన్స్ ఉంటుంది, అది ఎఫ్ 3.3 కంటే మూడు రెట్లకి పైగా వెలుతురు వదులుతుంది. రెండూ గుణిస్తే పదమూడు రెట్లు దాటుతుంది. అంటే జూమ్ కెమెరా సెకనులో పదిహేనో వంతు తెరిచి కూర్చునే గదిలో ఇది దాదాపు రెండొందలో వంతుకే పని ముగిస్తుంది. పిల్లాడు అన్నం వద్దని తల ఊపుతున్నప్పుడు ముఖం నిలబడేది ఈ తేడాతోనే.

ఇక మీ వారి డీఎస్ఎల్ఆర్ మాట, అంటే లోపల అద్దం ఉండి, లెన్సులు మార్చుకునే పెద్ద కెమెరా. ఆయన్ని తప్పు పట్టను, నేనూ అదే పాపం చేశాను కాబట్టి. మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు అప్పు చేసి మరీ ఒకటి కొన్నాను, రెండు లెన్సులతో, నల్ల సంచితో సహా. మొదటి మూడు నెలలు ఊరంతా నా మెడలో చూసింది. తర్వాత బరువుగా ఉందని ఇంట్లో వదలడం, లెన్స్ మార్చాలని బద్ధకం, పిల్ల నడవడం మొదలెట్టినప్పుడు అది బీరువాలో, నేను పెరట్లో. మా బరంపురం గాలి సంగతి మీకు తెలుసు కదా, సముద్రం పక్కనే, వానాకాలం వస్తే అప్పడం కూడా మెత్తబడిపోతుంది. మరుసటి దసరాకి సంచి తీస్తే లెన్స్ లోపల తెల్లటి సాలెగూడులా బూజు. శుభ్రం చేయించడానికి అయిన ఖర్చు చెప్తే మీ వదిన మళ్లీ గుర్తు చేసుకుంటుంది, అందుకని రాయను. మా అమ్మాయి రెండో ఏడాది ఫోటోలు మా ఇంట్లో పదకొండు ఉన్నాయి, అన్నీ మా మరదలి పాత ఫోన్‌లో తీసినవే.

అది నా బద్ధకం, దాన్ని డీఎస్ఎల్ఆర్ మీదకి నెట్టకూడదు, నిజమే. కానీ మీ వారు వినాల్సిన లెక్క ఇంకోటుంది. తక్కువ ధర డీఎస్ఎల్ఆర్‌తో పాటు పెట్టెలో వచ్చే 18-55 లెన్స్ ఎఫ్ 3.5 దగ్గర మొదలవుతుంది. దాని సెన్సార్ ఈ అంగుళం సెన్సార్‌కి దాదాపు మూడు రెట్లు, కానీ లెన్స్ నోరు చిన్నది కావడంతో గదిలో, జూమ్ చేయకుండా తీస్తే, చేతికందే వెలుతురు ఇంచుమించు ఎఫ్ 1.8 ఉన్న చిన్న కెమెరాతో సమానమే. అంత పెద్ద యంత్రం మోసి జేబు కెమెరాతో సమానమైన ఫలితం తెచ్చుకోవడం ఎందుకు? దానికి 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్స్ ఒకటి కలిపితే అప్పుడు అది నిజంగా ముందుకెళ్తుంది, అత్తగారి ఫోటో వెనకంతా మెత్తగా కరిగిపోయి అద్భుతంగా వస్తుంది. మీ వారికి ఫోటోగ్రఫీ నేర్చుకోవాలని సరదా ఉంటే, ఆ లెన్స్‌తో సహా సెకండ్ హ్యాండ్‌లో ఆయన కోసం వేరే కొనుక్కోమనండి. మీ 40 వేలతో మాత్రం కాదు.

కుక్కలూ పిల్లుల విషయంలో ఈ మధ్య వచ్చిన అసలైన మార్పు, జంతువు కన్ను ఎక్కడుందో కెమెరా తనంతట తాను పట్టుకోవడం. సోనీ 2019లో దీన్ని తన మిర్రర్‌లెస్ కెమెరాల్లోకి (లెన్స్ మార్చుకునేవే గానీ లోపల డీఎస్ఎల్ఆర్ అద్దం లేనివి) తెచ్చింది. 2020లో వచ్చిన జెడ్‌వీ-1 అనే జేబు కెమెరాలో కూడా ఉంది, అదీ అంగుళం సెన్సార్, ఎఫ్ 1.8 లెన్సే. కెనాన్‌లో 2023లో వచ్చిన ఆర్50 కుక్కల్నీ పిల్లుల్నీ పక్షుల్నీ గుర్తుపడుతుంది. అదే ఏడాది వచ్చిన దాని చెల్లెలు ఆర్100 మాత్రం మనుషుల దగ్గరే ఆగిపోతుంది, టచ్ స్క్రీన్ కూడా లేదు, రెండూ ఒకలాంటి పెట్టెల్లో ఉంటాయి కాబట్టి తక్కువకి వస్తోందని పొరపడకండి. ఆర్50 బాగుంటుంది గానీ మీ బడ్జెట్ దాటుతుంది, దాటించి కొన్నా పెట్టెలో లెన్స్ ఎఫ్ 4.5, రాత్రి గదిలో మళ్లీ మొదటికొస్తాం.

సరే, నేనైతే ఏం చేస్తాను? మీ స్థితిలో, మీ డబ్బుతో, సెకండ్ హ్యాండ్ అంగుళం కెమెరా కొంటాను. సోనీ ఆర్ఎక్స్100 మూడో మార్క్, 2014ది, లేదా కెనాన్ జీ7ఎక్స్ రెండో మార్క్, 2016ది. రెండింటికీ స్క్రీన్ పైకి లేస్తుంది, రెండింటిలోనూ వైఫై ఉంది, ఫోటో తీసిన వెంటనే ఫోన్‌లోకి లాగి ఫ్యామిలీ గ్రూపులో పెట్టేయొచ్చు. ఆర్ఎక్స్100 మొట్టమొదటి మోడల్, 2012ది, ఇంకా చవకగా దొరుకుతుంది, ఫోటో ఇప్పటికీ చక్కగా ఉంటుంది, కానీ స్క్రీన్ లేవదు, వైఫై లేదు. స్క్రీన్ లేవడం ఏదో సోకు అనుకోకండి, కుక్క ఫోటోలో సగం అందం కెమెరా కుక్క కంటి ఎత్తులో ఉండటమే. చీర కట్టుకుని నేల మీద పడుకోనక్కర్లేకుండా కెమెరా కిందపెట్టి పైనుంచి చూసుకోవచ్చు. జీ7ఎక్స్‌కి ఈ మధ్య సోషల్ మీడియాలో పేరు రావడంతో పాతవాటి ధర కూడా కొండెక్కి కూర్చుంది, అందుకని రెండూ ఒకే ధరకి దొరక్కపోతే సోనీ వైపే వెళ్లండి. జెడ్‌వీ-1 మంచి స్థితిలో మీ బడ్జెట్‌కి అందితే కాళియా కోసం అదే మేలు, అయితే దానికి ఫ్లాష్ లేదు, జూమ్ కూడా కొంచెమే, వీడియోలు ఎక్కువ తీసేవాళ్ల కోసం చేసింది.

లోపాలు దాచను. ఆ ఆర్ఎక్స్100, జీ7ఎక్స్ రెండూ మీ వైపు పరిగెత్తుకొచ్చే కుక్కని వెంటాడి ఫోకస్ చేయలేవు, వాటి ఆటోఫోకస్ పాత పద్ధతిది. దానికో కిటుకుంది. కెమెరా బటన్ రెండంచెలుగా నొక్కుకుంటుంది, సగం నొక్కితే ఫోకస్, పూర్తిగా నొక్కితే ఫోటో. చాలామంది ఒక్కసారే గట్టిగా నొక్కి, ఆలస్యంగా పడిందని కెమెరాని తిడతారు. కాళియా వచ్చే గేటు దగ్గర నేల మీద సగం నొక్కి పట్టుకుని ఉండండి, పాప అవతల నుంచి పిలవాలి, వాడు ఆ చోటికి రాగానే పూర్తిగా నొక్కండి. వరసగా తీసే మోడ్ పెడితే సెకనుకి ఎనిమిది, పది పడతాయి, అందులో ఒక్కటి బాగున్నా గెలిచినట్టే, మిగతావి ఆ రాత్రే తీసేయండి, లేకపోతే కార్డు నిండా కాళియా తోకలే మిగులుతాయి.

ఇదే కిటుకు రజ పండుగకి ఉయ్యాల దగ్గర పనికొస్తుంది. జూన్ నడిమధ్యలో మీ వీధిలో కూడా ఉయ్యాలలు కట్టే ఉంటారు, పాప ఊగుతుంటే ఫోటో ఎప్పుడూ అలికినట్టే వచ్చుంటుంది. ఉయ్యాల పైకెళ్లి వెనక్కి తిరిగే ముందు ఒక్క క్షణం ఆగుతుంది చూడండి, ఆ క్షణానికి నొక్కాలి. వేగం సున్నా, జుట్టు గాల్లో, ముఖంలో భయం నవ్వు రెండూ. రెండు మూడు ఊపులు చూస్తే చేతికి ఆ లయ అలవాటైపోతుంది. దీనికి ఏ కెమెరా అయినా సరిపోతుంది, ఫోనైనా సరే.

సెట్టింగ్స్ గురించి భయపడకండి, మీకు కావలసింది ఒక్కటే. సోనీలో ఎస్ అనే మోడ్, కెనాన్‌లో అదే టీవీ అని ఉంటుంది (దూరదర్శన్ కాదు, సమయానికి వాళ్లు పెట్టుకున్న పొట్టి పేరు). అందులో ఇంట్లో పిల్లలకి 1/250, బయట కాళియాకి 1/500, వాడు పరుగందుకుంటే 1/1000. ఐఎస్ఓ ఆటోలో పెట్టి పై హద్దు 3200 దగ్గర ఆపండి, ఆ పైన ఇసక చల్లినట్టు గరుకు వస్తుంది. గరుకుగా ఉన్నా నిలకడగా ఉన్న ఫోటో నునుపుగా అలికిపోయిన దానికన్నా వెయ్యి రెట్లు నయమని నా అభిప్రాయం, కొందరు ఒప్పుకోరు.

నల్ల కుక్క, తెల్ల పిల్లి ఒకే ఇంట్లో ఉండటం మాత్రం కెమెరాకి పెద్ద పరీక్ష. కెమెరా తన ముందున్నదంతా సగటున బూడిద రంగు అనుకుంటుంది. ఫ్రేమ్ నిండా కాళియా ఉంటే అయ్యో చీకటిగా ఉందే అని వెలుతురు పెంచేసి వాడిని బూడిద కుక్కని చేస్తుంది, పిల్లిని తీస్తే మరీ వెలుతురుగా ఉందనుకుని మురికి పట్టిస్తుంది. ప్లస్, మైనస్ గుర్తుతో ఒక మీటో చక్రమో ఉంటుంది, కాళియా దగ్గరికి వెళ్లి తీస్తే దాన్ని మైనస్ 0.7 వైపు, పిల్లికి ప్లస్ 0.7 వైపు తిప్పండి. అయితే సున్నం వేసిన తెల్ల గోడ ముందు కాళియా చిన్నగా ఉంటే తిరగబడుతుంది, అప్పుడు ప్లస్ కావాలి, లేకపోతే వాడి ముఖం బొగ్గు. ఇద్దరూ కలిసి ఒకే చాప మీద పడుకుంటే ఏం చేయాలంటారా, నీడలో తీయండి, దండం పెట్టుకోండి.

ఫ్లాష్ జంతువుల ముఖాన కొట్టకండి. కుక్కలకీ పిల్లులకీ కంటి వెనక అద్దం లాంటి పొర ఉంటుంది, చీకట్లో చూడటానికి పనికొచ్చేది అదే, ఫ్లాష్ పడితే ఆకుపచ్చగానో పసుపుగానో దయ్యంలా మెరుస్తుంది. మనుషుల ఎర్ర కళ్లు తగ్గించే బటన్ దానికి పనిచేయదు. ఆర్ఎక్స్100కి ఒక సుగుణం, దాని చిన్న ఫ్లాష్‌ని వేలితో వెనక్కి వంచి పట్టుకుంటే వెలుతురు పైకప్పుకి తగిలి మెత్తగా కిందికి రాలుతుంది. స్లాబు ఇల్లు, తెల్ల సున్నం అయితే రాత్రి పుట్టినరోజు ఫోటోలు పగటిలా వస్తాయి. రేకుల ఇంట్లో, పెంకుటింట్లో ఆ ఆశ వద్దు. ఫోకస్ కోసం ముందు వెలిగే చిన్న లైటుని కూడా మెనూలో ఆపేయండి, అది చూడగానే పిల్లి లేచి వెళ్లిపోతుంది.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి, వీటికి మొహమాటం పడకండి. ఆన్ చేసి జూమ్ ముందుకీ వెనక్కీ పదిసార్లు తిప్పండి, లెన్స్ బయటికి వచ్చేటప్పుడు కరకరమన్నా తడబడినా అక్కడే వదిలేయండి, ఈ రకం కెమెరాలకి ఇసకే యముడు, గోపాల్‌పూర్ బీచ్‌లో ఒక్క గాలి చాలు. ఫోన్ టార్చ్‌ని పక్క నుంచి లెన్స్ మీద వేసి బూజు దారాలేమైనా ఉన్నాయేమో చూడండి. 'A' అక్షరమున్న మోడ్‌లో ఎఫ్ 8 పెట్టి తెల్ల గోడని ఒక ఫోటో తీసి పెద్దది చేసి చూస్తే, మచ్చలుంటే సెన్సార్ మీద దుమ్ము చేరినట్టు. బ్యాటరీ తీసి బల్ల మీద పెట్టండి, ఉబ్బి ఉంటే అటూ ఇటూ ఊగుతుంది. ఫ్లాష్ రెండుసార్లు కొట్టండి. బిల్లు, చార్జర్ అడగండి. కొత్తది కొంటున్నా సరే ఇండియా వారంటీ కార్డు ఉందో లేదో చూడండి, విదేశాల నుంచి సూట్‌కేసులో వచ్చిన సరుకు రెండు మూడు వేలు తక్కువకి దొరుకుతుంది గానీ రేపు లెన్స్ ఇరుక్కుంటే సర్వీస్ కోసం వైజాగో భువనేశ్వరో పరిగెత్తి, అక్కడ వారంటీ చెల్లదు అనిపించుకోవాలి. మీ తమ్ముడు ఎలాగూ వైజాగ్‌లో ఉన్నాడు, చూసి తెచ్చే పని అతనికి అప్పజెప్పండి, 40 రెట్ల జూమ్ మాట మరచిపోవడానికి కూడా అదే మందు.

కొన్నాక ఒక అదనపు బ్యాటరీ, పేరున్న కంపెనీ 32 జీబీ కార్డు చాలు, నాలుగు వేల ఫోటోల దాకా పడతాయి. పెద్ద పేరుతో సగం ధరకి వచ్చే కార్డులు నకిలీవి అయ్యే అవకాశం ఎక్కువ. ఇంట్లో దాచేటప్పుడు బీరువాలో బట్టల మధ్య వద్దు, గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో తేమ పీల్చే సిలికా పొట్లాలు నాలుగు వేసి, అది కూడా చేతికందే చోట పెట్టండి. వారానికోసారైనా వాడుతుంటే బూజుకి భయపడనక్కర్లేదు.

ఫోటోలు ఒక్క చోటే ఉంచకండి. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మా కిటికీ తలుపు ఊడి లోపలికి వచ్చిన నీళ్లలో కింది అరలో ఉన్న ఆల్బమ్‌లూ హార్డ్ డిస్కూ రెండూ నానిపోయాయి, ఒకటి పోయినా రెండోది ఉంటుందనుకున్న నా తెలివి ఒకే అరలో ఉంది మరి. 2018 అక్టోబర్‌లో తిత్లీ ఏం చేసిందో గజపతి జిల్లావాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఒక కాపీ ఇంట్లో, ఒకటి మీ తమ్ముడి ఇంట్లో, ఒకటి ఆన్‌లైన్‌లో. ఏడాదికి ఓ యాభై ప్రింట్లు తీయించండి, అత్తగారు ఫోన్‌లో వేలితో జరిపి చూడరు, ఒళ్లో ఆల్బమ్ పెడితే గంట కదలరు. గ్రూపులో పంపిన ఫోటోని తిరిగి దించుకుని ప్రింట్ వేయించకండి, అది బక్కచిక్కిన కాపీ, అసలుదైతే డాక్యుమెంట్‌గా పంపుకోండి.

మీ పెళ్లినాటి కెమెరా. అమ్మేయకండి. 2008 నాటిదంటే ఏడెనిమిది మెగాపిక్సెల్స్ ఉండొచ్చు, ఆల్బమ్ ప్రింట్‌కి అది కావలసినంత, పగటి ఎండలో ఆ కాలం కెమెరాల రంగులు ముద్దుగా ఉంటాయని కాలేజీ పిల్లలు ఇప్పుడు వెతికి మరీ కొంటున్నారు. బ్యాటరీ ఉబ్బకపోతే చార్జ్ పెట్టి చూడండి, పనిచేస్తే పాపకి ఇచ్చేయండి, ఏడేళ్లకి సరిగ్గా సరిపోయే బొమ్మ. కార్డు ఎస్డీ అయితే ఇబ్బంది లేదు. కాస్త వెడల్పుగా ఉండి ఎక్స్‌డీ అనో, పొడుగ్గా ఉండి మెమొరీ స్టిక్ అనో రాసుంటే అలాంటి కార్డులు ఇప్పుడు దొరకడం కష్టం, వాటిని చదివే పాత రీడర్ ఫోటో స్టూడియోల దగ్గర దొరకొచ్చు, అడగండి. ఒక్క జాగ్రత్త. ఇన్నేళ్ల తర్వాత ఆ కార్డు కంప్యూటర్‌కి పెట్టగానే ఫార్మాట్ చేయాలా అని అడగొచ్చు. వద్దు నొక్కండి, తీసి స్టూడియోకి పట్టుకెళ్లండి. పెళ్లి ఫోటోలు ఇంకా అందులోనే ఉండి ఉంటాయి.